చిన్న షాపుకి డిజిటల్ మార్కెటింగ్: యాడ్స్‌కి డబ్బు పెట్టే ముందు ఫోన్‌లో చేయాల్సిన పనులు

గుంటూరులో మా మావయ్యకి మిక్సీలు, గ్రైండర్లు రిపేర్ చేసే షాపు ఉంది. ఇరవై ఏళ్లు ఒకే చోట నడిపాడు. పోయిన ఏడాది బిల్డింగ్ ఓనర్ ఖాళీ చేయమనడంతో రెండు వీధుల అవతలకి మారాడు. మూడు వారాలు తిరక్కుండానే నాకు ఫోన్ వచ్చింది.

"ఒరేయ్ అల్లుడూ, బేరాలు సగానికి పడిపోయాయిరా. ఎవరో కుర్రాడితో ఆన్‌లైన్ యాడ్ వేయించా. ఆరు వేలు పోయాయి, ఒక్క మిక్సీ రాలేదు. నువ్వు ఫోన్ల గురించి రాస్తావుగా, ఏదన్నా చెయ్యి."

వెంటనే గూగుల్ మ్యాప్స్‌లో షాపు పేరు కొట్టి చూశా. పిన్ ఇంకా పాత అడ్రస్‌లోనే ఉంది. ఎప్పుడో ఎవరో కస్టమర్ యాడ్ చేసిన లిస్టింగ్ అది. అందులో ఉన్న నంబర్ కూడా మావయ్య ఎప్పుడో వదిలేసిన పాత నంబర్. ఇక ఆ యాడ్ రిపోర్ట్ తెప్పించి చూస్తే, లొకేషన్ దగ్గర ఆంధ్రప్రదేశ్, తెలంగాణ మొత్తం సెలెక్ట్ చేసి ఉంది. ఆదిలాబాద్ నుంచి గుంటూరుకి మిక్సీ ఎవరు పట్టుకొస్తారు చెప్పండి?

ఆ రోజు నాకు అర్థమైంది ఒక్కటే. చిన్న షాపు ముందు దొరకాలి, ప్రచారం ఆ తర్వాత. దొరకడానికి పైసా ఖర్చు లేదు, మీ చేతిలో ఉన్న ఫోన్ చాలు. మేం ఏం చేశామో వరసగా చెప్తా.

1. గూగుల్ బిజినెస్ ప్రొఫైల్

పాత గూగుల్ మై బిజినెస్‌కే 2021లో ఈ పేరు పెట్టారు. ఇప్పుడు దీనికి వేరే యాప్ అక్కర్లేదు, మ్యాప్స్ నుంచో సెర్చ్ నుంచో నడపొచ్చు. లిస్టింగ్ ఆల్రెడీ ఉంటే కొత్తది చేయకండి, ఉన్నదాన్నే క్లెయిమ్ చేయండి. లేకపోతే ఒకే షాపుకి రెండు పిన్‌లు అయి ఇంకా గందరగోళం.

తర్వాత వెరిఫికేషన్. ఏ పద్ధతిలో చేయాలో గూగులే చూపిస్తుంది, మాకు వీడియో వచ్చింది. కట్ లేకుండా ఒకే టేక్‌లో వీధి, షాపు బోర్డు, లోపలి సామాను, షాపు మనదే అనే రుజువు కనిపించాలి. మా మొదటి వీడియో రిజెక్ట్ అయింది. తప్పు మాదే, కొత్త షాపుకి ఇంకా బోర్డే పెట్టలేదు! బోర్డు కట్టించి, మావయ్య షట్టర్ తాళం తీస్తుండగా మళ్లీ తీశాం. అది ఓకే అయింది.

నింపేటప్పుడు మూడు విషయాలు చూసుకోండి. కేటగిరీ కరెక్ట్‌గా ఉండాలి. మావయ్యది ఎలక్ట్రికల్ షాపు కాదు, రిపేర్ సర్వీస్. టైమింగ్స్ నిజంగా తెరిచి ఉండేవే పెట్టాలి. పేరు బోర్డు మీద ఉన్నదే రాయాలి. దానికి ముందూ వెనకా "బెస్ట్", "నంబర్ వన్" లాంటివి తగిలిస్తే రూల్స్‌కి విరుద్ధం, ప్రొఫైల్ సస్పెండ్ అయ్యే రిస్క్ ఉంది.

మనిషి వెతికినదానికి షాపు ఎంత సరిపోతుంది, ఎంత దూరంలో ఉంది, ఎంత పేరుంది అనే మూడింటిని చూసి మ్యాప్స్ ఆర్డర్ ఇస్తుంది. ఆ ఆర్డర్‌ని డబ్బుతో కొనలేం. "పదివేలు కడితే మ్యాప్స్‌లో ఫస్ట్ చూపిస్తాం" అని ఫోన్ వస్తే కట్ చేసేయండి.

2. ఫోటోలు

మన సైట్ రీడర్స్‌కి ఇది ఈజీ. లెన్స్ తుడవండి, పొద్దుటి వెలుతురులో తీయండి. అల్ట్రావైడ్ వద్దు, గోడలు వంగుతాయి. మెయిన్ కెమెరా చాలు. రోడ్డుకి అవతల నిలబడి షాపు ముందు భాగం తీసిన ఫోటో అన్నిటికంటే ముఖ్యం, కొత్తగా వచ్చేవాళ్లు దాన్ని చూసే గుర్తుపడతారు. తర్వాత కౌంటర్, పని చేసే బల్ల, రేట్ల బోర్డు.

3. వాట్సాప్ బిజినెస్

2018 నుంచి ఉన్న యాప్, ఫ్రీ. ఒకే నంబర్ మామూలు వాట్సాప్‌లోనూ ఇందులోనూ ఒకేసారి నడవదు. అందుకే డ్యుయల్ సిమ్‌లో రెండో నంబర్ షాపుకి ఇచ్చాం. కేటలాగ్‌లో కప్లర్ మార్చడం, జార్ బుష్, బ్రష్‌లు, గ్రైండర్ బెల్ట్, ఇలా ఒక్కోదానికి రేటు పెట్టాం. లొకేషన్, టైమింగ్స్ క్విక్ రిప్లైలో సేవ్ చేశాం.

మావయ్యకి తెగ నచ్చింది లేబుల్స్. "రిపేర్‌లో ఉంది", "రెడీ", "డబ్బు రావాలి" అని మూడు పెట్టా. ఎవరి మిక్సీ ఏ స్టేజ్‌లో ఉందో ఒక్క చూపులో తెలుస్తుంది.

పాత బిల్లు పుస్తకాల్లో కస్టమర్ల నంబర్లున్నాయి కదా అని అందరికీ ఒకేసారి మెసేజ్ కొట్టకండి. స్పామ్ అని రిపోర్ట్ చేస్తే నంబరే బ్యాన్ అవుతుంది. మావయ్య రోజుకి కొంతమందికి స్వయంగా ఫోన్ చేసి, "షాపు మారిందండీ, లొకేషన్ పంపమంటారా?" అని అడిగి, సరే అన్నవాళ్లకే పంపాడు.

ఇంకో మాట. పాత షట్టర్ మీద, ఓనర్‌ని అడిగి, కొత్త లొకేషన్ క్యూఆర్ కోడ్‌తో ఒక కాగితం అంటించాం. దాన్ని స్కాన్ చేసి వచ్చామని చెప్పినవాళ్లే ఎక్కువ!

4. రివ్యూలు

ప్రొఫైల్‌లో రివ్యూ లింక్ దొరుకుతుంది. దాని క్యూఆర్‌ని కౌంటర్ మీద యూపీఐ క్యూఆర్ పక్కనే పెట్టాం. రిపేరైన మిక్సీ కస్టమర్ ముందు తిప్పి చూపించాక అడగాలి, అదే సరైన టైమ్. డిస్కౌంట్ ఇచ్చి రాయించుకోవడం మాత్రం వద్దు, అదీ రూల్స్‌కి విరుద్ధమే.

ఒకాయన "షాపు ఎత్తేశారు, టైమ్ వేస్ట్" అని ఒక్క స్టార్ ఇచ్చాడు. మావయ్యకి కోపం వచ్చింది. నేను మాత్రం ఆయన పేరు మీదే, "ఇబ్బందికి క్షమించండి, షాపు రెండు వీధుల అవతలకి మారింది, ఈ నంబర్‌కి ఫోన్ చేయండి" అని రిప్లై పెట్టా. ఆ రిప్లై ఆయనొక్కడి కోసం కాదు, తర్వాత చదివే ప్రతి ఒక్కరి కోసం.

5. ఇప్పుడు యాడ్

ఇవన్నీ అయ్యాకే యాడ్ జోలికి వెళ్లండి. ఊళ్ల పేర్లు కాకుండా షాపు దగ్గర పిన్ వేసి, చుట్టూ కొన్ని కిలోమీటర్లే ఇవ్వండి. నొక్కగానే వాట్సాప్ చాట్ తెరుచుకునే యాడ్ పెట్టండి. బడ్జెట్ మీద 18 శాతం జీఎస్టీ అదనంగా పడుతుందని లెక్కేసుకోండి. ముందు నాలుగైదు రోజులు చిన్న మొత్తంతో చూడండి. లైకులు లెక్క కాదు, "మా గురించి ఎలా తెలిసిందండీ?" అని అడిగి బిల్లు పుస్తకంలో రాసుకున్నదే లెక్క. ప్రొఫైల్‌లో కాల్స్, డైరెక్షన్స్ ఎన్ని వచ్చాయో కూడా కనిపిస్తుంది.

పోయిన బేరాలన్నీ తిరిగొచ్చాయని చెప్పను. కొందరు ఈలోపే వేరే షాపుకి అలవాటు పడిపోయారు, ఆ మూడు వారాల నష్టం నష్టమే. కానీ రెండో నెలకి షాపు అద్దె షాపు మీదే వచ్చింది. మావయ్య ఇంకో యాడ్ మాత్రం వేయలేదు, అవసరం పడలేదు.

మీ ఇంట్లోనో, మీ వీధిలోనో ఒక షాపు ఉండే ఉంటుంది. ఇవాళ రాత్రి మ్యాప్స్‌లో దాని పేరు కొట్టి, పిన్, నంబర్, టైమింగ్స్ కరెక్ట్‌గా ఉన్నాయో లేదో ఒక్కసారి చూడండి.