ఇంజిన్ ఆయిల్ ఇంట్లోనే మార్చుకోవచ్చు, పాత ఆయిల్ మాత్రం కాలవలో కలవకూడదు

ఎన్నూరు, తిరువొత్తియూరు, మణలి ప్రాంతాల్లోని మన తెలుగు కుటుంబాల్లో ఎస్‌యూవీ బండ్లు బాగా పెరిగాయి. పండగలకు నెల్లూరు, ఒంగోలు వైపు ఇంటిల్లిపాదీ వెళ్లి రావడానికి వీలుగా ఉంటుందని కొంటున్నారు. వారంటీ అయిపోయాక సర్వీసు ఖర్చు తగ్గించుకుందామని, ఇంజిన్ ఆయిల్ మనమే మార్చుకోవచ్చా అని సంఘం సభ్యులు కొందరు మమ్మల్ని అడుగుతున్నారు. మార్చుకోవచ్చు. పనిముట్లు దగ్గరుంటే గంట, గంటన్నర పని. అయితే ఈ పనిలో రెండు భాగాలు ఉన్నాయి. కొత్త ఆయిల్ పోయడం మొదటిది. దించిన పాత ఆయిల్‌ను చేరవలసిన చోటికి చేర్చడం రెండోది. ఎన్నూరులో ఉంటున్న మనకు రెండోదే ముఖ్యం. అందుకే ముందు దాని సంగతి చెప్పుకుని, తర్వాత పద్ధతిలోకి వెళదాం.

నూనె నీళ్లలో కలిస్తే ఏమవుతుందో చూసినవాళ్లం

2017 జనవరి 28న కామరాజర్ పోర్టు దగ్గర రెండు నౌకలు ఢీకొన్నాయి. ఒలికిన నల్లటి నూనె ఎర్ణావూరు ఒడ్డుకు కొట్టుకొస్తే, దాన్ని మనుషులు బకెట్లతో తోడవలసి వచ్చింది. తర్వాత 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను వచ్చింది. అది డిసెంబరు 5న తీరం దాటింది మన బాపట్ల దగ్గర. కానీ దానికి ముందే చెన్నైని ముంచెత్తింది. ఆ వరదలో మణలి పారిశ్రామిక ప్రాంతం నుంచి నూనె బకింగ్‌హాం కాలవలోకి, అక్కడి నుంచి ఎన్నూరు ముఖద్వారంలోకి చేరింది. పడవలకు, వలలకు నూనె పట్టింది, మడ చెట్ల మొదళ్లు నల్లబడ్డాయి. మత్స్యకారులు రోజుల తరబడి వేటకు వెళ్లలేకపోయారు. జాతీయ హరిత ట్రైబ్యునల్ తనంతట తానే కేసు తీసుకుంది.

అవి పెద్ద ప్రమాదాలు, మన ఇంటి నాలుగు లీటర్లు ఏపాటి అనిపించవచ్చు. అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ చెప్పే లెక్క ఒకటుంది. ఒక్క బండి నుంచి ఒకసారి దించిన ఆయిల్ పది లక్షల గ్యాలన్ల మంచినీటిని, అంటే దాదాపు 38 లక్షల లీటర్లను పాడుచేయగలదు. మన వీధుల్లో వాననీటి కాలవలో పోసింది బకింగ్‌హాం కాలవకో, ముఖద్వారానికో, సముద్రానికో చేరుతుంది. పెదగంజాం నుంచి నెల్లూరు తీరం, పులికాట్ మీదుగా ఎన్నూరు చేరే కాలవ అది. ఒకప్పుడు తెలుగు నేల నుంచి మద్రాసుకు పడవల మీద సరుకు వచ్చిన దారి. దాని ఒడ్డున బతుకుతున్నవాళ్లు ఇంకా ఉన్నారు.

ఏ ఆయిల్, ఎంత, ఎప్పుడు

ఈ మూడింటికీ జవాబు బండితో ఇచ్చిన పుస్తకంలో ఉంటుంది. దుకాణదారు మాట కన్నా ఆ పుస్తకం మాటే చెల్లుతుంది.

డబ్బా మీద 5డబ్ల్యూ-30 అని ఉంటే, మొదటి అంకె చల్లగా ఉన్నప్పుడు ఆయిల్ ఎంత తేలిగ్గా పారుతుందో చెబుతుంది. రెండోది ఇంజిన్ వేడెక్కాక ఎంత చిక్కగా నిలుస్తుందో చెబుతుంది. చెన్నై ఎండలకని మన ఇష్టం వచ్చినట్టు చిక్కటిది పోయకూడదు. 2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బీఎస్6 డీజిల్ బండ్లలో పొగలోని మసిని పట్టే డీపీఎఫ్ ఫిల్టర్ ఉంటుంది. వాటికి బూడిద తక్కువ మిగిల్చే ఆయిల్ కావాలి. మామూలు డీజిల్ ఆయిల్ పోస్తే ఖరీదైన ఆ ఫిల్టర్ పూడిపోతుంది.

చిన్న పెట్రోలు ఎస్‌యూవీకి సాధారణంగా మూడున్నర నుంచి నాలుగు లీటర్లు, పెద్ద డీజిల్ బండికి ఆరు లీటర్ల వరకు పడుతుంది. ఫిల్టర్ మార్చినప్పుడు ఎంత పోయాలో పుస్తకంలో చూసుకోండి.

చాలా బండ్లకు 10,000 కిలోమీటర్లు లేదా ఏడాది, ఏది ముందైతే అది గడువు. కానీ అదే పుస్తకంలో కఠిన పరిస్థితుల్లో నడిచే బండికి వేరే గడువు రాసి ఉంటుంది. కంటైనర్ లారీల వెనక ఆగి ఆగి కదలడం, దుమ్ము, చిన్న చిన్న దూరాలు, ఇవన్నీ కఠిన పరిస్థితులే. ఎన్నూరు బండికి ఆ రెండో గడువే వర్తిస్తుంది.

కావలసినవి

సరైన ఆయిల్, కొత్త ఆయిల్ ఫిల్టర్, డ్రెయిన్ బోల్టుకు కొత్త వాషర్, బోల్టుకు సరిపోయే రింగు స్పానర్, ఫిల్టర్ విప్పే రెంచి, మీ బండి ఆయిల్ అంతా పట్టే వెడల్పాటి తొట్టి, గరాటు, చేతి తొడుగులు, పాత గుడ్డలు, ఒక సంచి రంపపు పొట్టు లేదా ఇసుక. బోల్టు సైజు బండిని బట్టి మారుతుంది కనుక ముందే చూసుకోవాలి. పాత ఆయిల్ నింపడానికి మూత గట్టిగా పడే ఖాళీ డబ్బా కూడా పని మొదలుపెట్టకముందే పక్కన ఉండాలి. ఆయిల్ దించాక డబ్బా కోసం వెతికితే, ఆ తొట్టి చివరికి కాలవ దగ్గరికే వెళుతుంది.

పద్ధతి

1. బండిని చదునైన గట్టి నేల మీద నిలిపి, హ్యాండ్ బ్రేకు వేసి, చక్రాలకు అడ్డుదిమ్మలు పెట్టండి. ఎస్‌యూవీ ఎత్తుగా ఉంటుంది కనుక చాలాసార్లు జాకీ అవసరం రాదు. ఎత్తక తప్పకపోతే జాకీ స్టాండ్ల మీద నిలపాలి. ఒక్క జాకీని నమ్మి బండి కిందికి ఎవరూ దూరకూడదు. జాకీ జారితే ప్రాణం పోతుంది.

2. ఇంజిన్‌ను ఐదు నిమిషాలు నడిపి ఆపండి. గోరువెచ్చని ఆయిల్ బాగా దిగుతుంది. హైవే మీద నుంచి రాగానే మాత్రం వద్దు, చెయ్యి కాలుతుంది. సైలెన్సర్ గొట్టం దగ్గర జాగ్రత్త.

3. బానెట్ ఎత్తి ఆయిల్ మూత తెరిచి, డిప్‌స్టిక్ కొంచెం పైకి లాగి ఉంచండి. కింద రక్షణ రేకు ఉంటే విప్పి, డ్రెయిన్ బోల్టు కింద తొట్టి పెట్టండి. సముద్రపు ఉప్పుగాలికి ఇక్కడి బండ్లలో బోల్టులు తుప్పు పడతాయి. రాకపోతే తుప్పు వదిలించే స్ప్రే కొట్టి కాసేపు ఆగాలి గానీ సుత్తితో కొట్టకూడదు. చివరి చుట్లు చేత్తో విప్పి బోల్టును పక్కకు తీయండి. పది పదిహేను నిమిషాలు దిగనివ్వండి.

4. కొత్త వాషర్ వేసి బోల్టును ముందు చేత్తో ఎక్కించి, తర్వాత స్పానర్‌తో పుస్తకంలో చెప్పినంతే బిగించండి. చాలా బండ్లలో ఆయిల్ చాంబర్ అల్యూమినియం. బలం చూపిస్తే మర పోతుంది, వెయ్యి రూపాయలు మిగుల్చుకోబోయి చాంబరే మార్చుకోవలసి వస్తుంది.

5. పాత ఫిల్టర్ విప్పండి. దాని రబ్బరు వాషర్ ఇంజిన్‌కే అంటుకుని మిగిలిపోలేదు కదా అని చూడండి. కొత్త ఫిల్టర్ రబ్బరుకు వేలితో కొత్త ఆయిల్ రాసి ఎక్కించండి. డబ్బా రకం ఫిల్టర్ అయితే రబ్బరు ఆనాక చేత్తోనే ముప్పావు చుట్టు తిప్పితే చాలు. లోపల కాగితం మాత్రమే మార్చే రకమైతే దాని రబ్బరు రింగులు కూడా మార్చాలి.

6. పుస్తకంలో చెప్పిన కొలతకు అర లీటరు తగ్గించి పోయండి. మూత పెట్టి ఇంజిన్ ఒక నిమిషం నడపండి. డ్యాష్‌బోర్డులో ఎర్రటి ఆయిల్ దీపం కొద్ది క్షణాల్లో ఆరిపోవాలి. ఆరకపోతే వెంటనే ఇంజిన్ ఆపండి. కిందికి వంగి కారుతోందేమో చూడండి. ఆపి పది నిమిషాలు ఆగి, డిప్‌స్టిక్ తుడిచి చూసి, మిగతాది కొంచెం కొంచెంగా పోయండి. పై గీత దాటకూడదు. ఎక్కువైతే ఆయిల్ నురగ కట్టి ఇంజిన్‌కు చేటు చేస్తుంది.

బండి కిందికి దూరలేని మా వయసువాళ్లకు ఇంకో దారి ఉంది. డిప్‌స్టిక్ గొట్టంలోంచి ఆయిల్‌ను పైకి లాగే చేతి పంపులు దొరుకుతాయి. అన్ని బండ్లకూ కుదరదు, అడుగున కొంచెం మిగిలిపోతుంది. బట్ట మాత్రం నల్లబడదు.

వరద నీళ్లలో మునిగిన బండికి ఇంకో మాట. డిప్‌స్టిక్ మీద ఆయిల్ పాలు కలిపిన టీ రంగులో ఉంటే అందులో నీళ్లు చేరినట్టు. అప్పుడు స్టార్ట్ చేయకుండా మెకానిక్‌ను పిలవాలి.

పాత ఆయిల్‌ను ఏం చేయాలి

తొట్టిలోది చల్లారాక గరాటుతో డబ్బాలోకి వంపి, మూత బిగించి, "వాడిన ఇంజిన్ ఆయిల్" అని రాసి అంటించండి. కూల్‌డ్రింక్ సీసాల్లో పోయకండి. పిల్లలు తాగే ప్రమాదం ఉంది. పెట్రోలు, కూలెంట్, నీళ్లు కలపకండి. కలిస్తే దాన్ని మళ్లీ శుద్ధి చేయడం కష్టమవుతుంది. పాత ఫిల్టర్‌ను తొట్టి మీద బోర్లించి ఒక రాత్రి కారనివ్వండి. దాన్నీ సంచిలో కట్టి డబ్బాతోపాటే ఇవ్వండి.

నేల మీద ఒలికితే రంపపు పొట్టు చల్లి, పీల్చుకున్నాక ఎత్తి కవర్లో కట్టండి. సబ్బు నీళ్లతో కడిగితే మరక పోతుంది గానీ నూనె మాయం కాదు, కాలవలోకి వెళుతుంది. అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లో చేసేవాళ్లు కింద పాత ఫ్లెక్సీ పరుచుకుంటే పక్కవాళ్లతో మాట పడనక్కరలేదు.

దోమలకని నిలవ నీళ్లలో పోయడం, చెదలు పట్టకుండా గుంజలకు పూయడం, చెత్త మంటలో పోయడం మనవాళ్లలో పాత అలవాట్లు. వాడిన ఆయిల్‌లో ఇంజిన్ అరుగుదల లోహాలు, ఒంటికి హాని చేసే మసి పదార్థాలు చేరి ఉంటాయి. పూస్తే మట్టికి, కాల్చితే ఊపిరికి చేరతాయి. తరచూ చర్మానికి తగలడం కూడా మంచిది కాదు, చేతి తొడుగులు అందుకే.

2016 నాటి కేంద్ర నిబంధనల ప్రకారం వాడిన ఆయిల్ ప్రమాదకర వ్యర్థం. అనుమతి ఉన్న రీసైక్లర్లే దాన్ని శుద్ధి చేయాలి. 2024 ఏప్రిల్ 1 నుంచి ఆయిల్ తయారుచేసి అమ్మే కంపెనీలకు కూడా అందులో కొంత వంతు రీసైక్లింగ్ చేయించే బాధ్యత పెట్టారు. సర్వీసు సెంటర్లలో, పెద్ద వర్క్‌షాపుల్లో పాత ఆయిల్ డ్రమ్ములు ఉంటాయి. ఫిల్టర్ కొన్న చోటో, మీ పాత మెకానిక్ దగ్గరో రెండు ప్రశ్నలు అడగండి. మా డబ్బా తీసుకుంటారా? మీ డ్రమ్ము అనుమతి ఉన్న రీసైక్లర్‌కే వెళుతుందా? రెండో ప్రశ్నకు నీళ్లు నమిలితే ఇంకో చోటికి వెళ్లండి. ఇటుక బట్టీలకో, కల్తీ ఆయిల్ చేసేవాళ్లకో పోయే దారులు కూడా ఊళ్లో ఉన్నాయి. సరిగ్గా శుద్ధి చేస్తే అది మళ్లీ పనికొస్తుంది. అమెరికా లెక్క ప్రకారం 159 లీటర్ల ముడిచమురు నుంచి వచ్చేంత ఆయిల్ నాలుగు లీటర్లలోపు వాడిన ఆయిల్ నుంచే వస్తుంది.

కంపెనీ పేరున్న ఖాళీ డబ్బాను కాయలాన్ కడకు యథాతథంగా వేయకండి. నకిలీ ఆయిల్ నింపి మళ్లీ అమ్మేస్తారు. లేబుల్ చింపి, డబ్బా కోసి వేయండి.

చివరగా, గుమాస్తాగా ఫైళ్లు నడిపిన అలవాటుతో ఒక సలహా. బండిలో ఒక చిన్న నోటు పుస్తకం ఉంచి తేదీ, కిలోమీటర్లు, ఆయిల్ గ్రేడు, ఎన్ని లీటర్లు, ఫిల్టర్ నంబరు రాయండి, బిల్లులు అందులోనే అంటించండి. బండి అమ్మేటప్పుడు పనికొస్తాయి. పక్కన ఇంకో గడి గీసి, పాత ఆయిల్ ఎక్కడ ఇచ్చారో కూడా రాయండి. వారంటీ ఇంకా ఉన్నవాళ్లు దాని షరతులు చదివాకే ఈ పనికి దిగండి. డబ్బా తీసుకునే వర్క్‌షాపు మీకు తెలిసి ఉంటే సంఘానికి చెప్పండి. నలుగురైదుగురి డబ్బాలు పోగయితే ఒకే ఆటోలో పంపించే ఏర్పాటు చేద్దాం.