బుల్లి హెలికాప్టరు గుండెకాయ

పోయిన వేసవి సెలవులకు మా అక్కయ్యగారింటికి వెళ్ళాను. వీధి అరుగుమీద మా మేనల్లుడు ఒక బుల్లి హెలికాప్టరును ఒళ్ళో పెట్టుకొని, జ్వరమొచ్చిన పసిబిడ్డను చూసినట్లు చూస్తూ కూర్చున్నాడు.

“ఏమిరా అబ్బాయ్, నీ పక్షికి ఏమొచ్చింది?” అన్నాను.

“నాలుగైదు నిమిషాలు చక్కగా ఎగురుతుంది మామయ్యా. ఆ తర్వాత దగ్గొచ్చినట్లు కొట్టుకొని ఇంజను ఆగిపోతుంది. నిరుడొకటి ఇట్లాగే పొలంలో పడి ముక్కలైంది. ఇదీ పోతే మళ్ళీ కొనే తాహతు నాకు లేదు.”

లోపలినుంచి బావగారి గొంతు వినిపించింది: “ఆ డబ్బుతో ఇంటికి రెండుసార్లు సున్నం వేయించవచ్చు!”

బావగారు ముప్ఫై ఏళ్ళు బస్సు డిపోలో మెకానిక్కుగా పనిచేసి రిటైరయినారు. ఇంజను మాట వింటే చెవి నిక్కించే మనిషి. అయినా నిరుడు ఆ మొదటిది కూలినప్పటినుంచి ఈ విషయంలో తండ్రీ కొడుకులకు మాటల్లేవు. కొడుకు అడగడు, తండ్రి చెప్పడు. మధ్యలో నాకు పట్టుకొన్నది శని. గణవిభజన చేయమంటే చేస్తాను గాని, ఇంజను విభజన నాకేం తెలుసు? అయినా పదిరోజులు వాడిపక్కన కూర్చుని నేర్చుకొన్నది పాఠకులకు మనవి చేస్తాను.

ఆముదం తాగే ఇంజను

ఇది ఆటబొమ్మ అనుకొనేరు! రెక్కల వెడల్పు సుమారు ఒకటింబావు మీటరు పైచిలుకు. ఇంజను మాత్రం ఎనిమిది సి.సి.లకు కాస్త ఎక్కువ, అరచేతిలో ఇముడుతుంది. కాని నిమిషానికి 15,000 చుట్లు తిరుగుతుంది. పళ్ళచక్రాల ద్వారా ఆ వేగాన్ని తగ్గించి పైరెక్కలను నిమిషానికి 1,800 చుట్లు తిప్పుతుంది. లెక్క కడితే రెక్క కొన గంటకు 450 కిలోమీటర్ల వేగంతో గాలిని కోస్తున్నదన్నమాట! అందుకే అది ఎగిరేటప్పుడు పిల్లలను దగ్గరకు రానివ్వరాదు.

దీనికి పెట్రోలు పోయరు. మెథనాలు, నైట్రోమీథేను, నూనె కలిపిన ఇంధనం పోస్తారు. నూనెలో ఆముదం వాడే అలవాటు పాతది. మామూలు ఖనిజపు నూనెలు మెథనాలులో కలవవు, ఆముదం కలుస్తుంది. చెట్టులేని చోట ఆముదపు మొక్కే మహావృక్షమని మనం ఎగతాళి చేస్తాం గాని, ఈ ఇంజను దగ్గర అది నిజంగా మహావృక్షమే. ఇప్పుడు కృత్రిమమైన నూనెలు కూడా వాడుతున్నారు.

మెరుపు పుట్టించే ప్లగ్గు కూడా దీనికి లేదు. 1947లో అమెరికాలో రే ఆర్డెన్ అనే ఆయన ప్రచారంలోకి తెచ్చిన ‘గ్లో ప్లగ్గు’ ఉంటుంది. అందులోని ప్లాటినపు తీగను మొదట బ్యాటరీతో ఎర్రగా కాలుస్తారు. తర్వాత బ్యాటరీ తీసేసినా, మెథనాలు తగులుతున్నంతసేపూ ఆ తీగ వెలుగుతూనే ఉంటుంది.

మొదట్లో ఇటువంటివన్నీ మామూలు విమానపు బొమ్మలకే. హెలికాప్టరును దూరంనుంచి నడపటం సాధ్యం కాదనుకొనే రోజుల్లో, 1960లు ముగిసి 1970లు మొదలయ్యే వేళకు జర్మనీలో డీటర్ ష్లూటర్ పట్టుబట్టి సాధించాడు. ఈనాడు చాలామంది బ్యాటరీతో నడిచేవే ఎగరేస్తున్నారు. కాని ఇంజను చప్పుడుకు, ఆ పొగ వాసనకు అలవాటుపడినవారు దానిని వదలరు. మావాడు ఆ కోవలోవాడే.

దగ్గు ఎందుకు వస్తుంది?

మన మిద్దెమీది నీళ్ళ తొట్టి సంగతి చూడండి. తొట్టి నిండుగా ఉంటే పంపులో నీరు జోరుగా వస్తుంది; అడుగంటుతుంటే సన్నగిల్లుతుంది. ఇంధనం ట్యాంకు సంగతీ అంతే. పైగా హెలికాప్టరు పల్టీలు కొడుతుంది, తలక్రిందులుగా నిలుస్తుంది. ట్యాంకు ఒకసారి కార్బురేటరుకు క్రిందా, ఒకసారి పైనా ఉంటుంది. సైలెన్సరులోని పొగ ఒత్తిడిని ఒక గొట్టంద్వారా ట్యాంకుకు పంపి ఇంధనాన్ని నెట్టించటం మామూలు పద్ధతి. కాని ఆ ఒత్తిడి స్వల్పం.

ఇంధనం తగ్గి గాలి ఎక్కువైతే ఇంజను వేడెక్కుతుంది. ఈ ఇంజనుకు నూనె వచ్చేది ఇంధనంలోనే. చల్లబరచటంలోనూ ఇంధనానికి వాటా ఉంది. కాబట్టి ఇంధనం తగ్గితే ఆకలీ దాహమూ ఒక్కసారే. పిస్టను గీతలుపడి పట్టేసినా ఆశ్చర్యం లేదు.

ఇందుకు మందుగా మావాడు ఒత్తిడిని సరిచూసే పంపు ఒకటి తెప్పించాడు. అగ్గిపెట్టెకన్నా పెద్దదేమీ కాదు. లోపల పల్చని పొర, ఒకవైపుకే తెరుచుకొనే రెండు కవాటాలు. అచ్చం మన గుండెకాయే! దానిని కొట్టించేది ఇంజనే. పిస్టను పైకీ క్రిందికీ కదిలినప్పుడల్లా దానిక్రింది క్రాంకుకేసులో ఒత్తిడి తగ్గుతూ, పెరుగుతూ ఉంటుంది. నిమిషానికి 15,000 చుట్లంటే సెకనుకు 250 దెబ్బలు. ఆ దెబ్బలకు పొర ఊగి ఇంధనాన్ని లాగి ముందుకు నెడుతుంది. ఇక మరొక పొర, దానివెనుక స్ప్రింగు కాపలా కాస్తాయి. కార్బురేటరు అడిగితే తలుపు తెరుస్తాయి, చాలంటే మూస్తాయి. జపానులో తయారయ్యే కొన్ని ఇంజన్లకు ఇటువంటి ఏర్పాటు పుట్టుకతోనే వస్తుంది.

శస్త్రచికిత్స

మొదట ఇంజను వెనుకమూత విప్పాము. ఇంజనుకు ఉండగానే రంధ్రం వేస్తే లోహపురజను లోపల పడుతుంది. విడిగా వేసి, మరలు కోసి, చిన్న గొట్టపుముక్క బిగించి, మూతను రెండుసార్లు కడిగాము. ఆ ముక్క లోపలికి పొడుచుకువస్తే తిరిగే క్రాంకుకు తగులుతుంది. అందుకని సమంగా అరగదీశాము.

పంపును కార్బురేటరుకు దగ్గరలోనే బిగించాము. క్రాంకుకేసునుంచి దానికి వచ్చే గొట్టం పొట్టిగా ఉండాలి. పొడవైన మెత్తటి గొట్టం దెబ్బలను తానే మింగేస్తుంది. ట్యాంకునుంచి పంపుకు వచ్చే దారిలో జల్లెడ పెట్టాము. సైలెన్సరు గొట్టం తీసేసి ట్యాంకుకు మామూలు గాలిదారి వదిలాము.

స్టార్టు చేస్తే తెల్లటి పొగ! ఇంజను మునిగిపోయినట్లు మూలిగింది. మావాడు పంపుమీది మర తిప్పబోయాడు. కాగితంలో వద్దని ఉన్నది చూపించాను. నిఘంటువు చూసే అలవాటు ఆ మాత్రం పనికివచ్చింది. కార్బురేటరు సూదిమరను కొద్దికొద్దిగా బిగిస్తే గొంతు సవరించుకొంది.

సాయంత్రం ఎగరేశాడు. నాలుగు నిమిషాలు దివ్యంగా ఉన్నది. అయిదో నిమిషంలో మళ్ళీ అదే దగ్గు! ఇంజను ఆగిపోయింది. వాడు రెక్కల వాలు తగ్గించి, క్రిందినుంచి వచ్చే గాలికే అవి తిరిగేట్లు చేసి, నేల దగ్గరకు రాగానే వాలు పెంచి మెత్తగా దించాడు. ఆ విద్య రాకపోతే రెండోదీ దక్కేది కాదు. వాడి చేతులు వణుకుతున్నాయి.

పాతచేయి

రాత్రి భోజనాల దగ్గర ఎవరూ మాట్లాడలేదు. మజ్జిగ పోసుకొంటూ బావగారు గోడవైపు చూసి, “మాస్టారూ, ట్యాంకు నిండుగా ఉన్నంతసేపూ బాగానే నడుస్తుందా?” అన్నారు.

“అవును బావగారూ.”

“గొట్టంలో బుడగలు వస్తున్నాయా?”

మావాడు తలెత్తి, “ఇదివరకు కనిపించేవి కావు నాన్నా. పంపు పెట్టాక సగం ట్యాంకునుంచీ వస్తున్నాయి,” అన్నాడు. ఏడాది తర్వాత ఈ విషయంలో తండ్రికి వాడిచ్చిన మొదటి జవాబది.

“ఎయిరు పట్టింది. డీజిలు బస్సుకైనా ఇంతే. బయటి గొట్టం కాదురా, ట్యాంకులోపలిది చూడు.”

చేయి కడుక్కొని ముగ్గురం అరుగుమీద కూర్చున్నాము. ట్యాంకులో మెత్తని గొట్టం చివర చిన్న బరువు ఉంటుంది. ట్యాంకు ఎటు వాలితే ఇంధనంతోపాటు అదీ అటే పోతుంది. నేను నోటితో ఊదబోతే మావాడు గొట్టం లాక్కున్నాడు. మెథనాలు విషం, కళ్ళు పోతాయి, ప్రాణమూ పోతుంది. దాని మంట పగటివెలుగులో కంటికి ఆనదు కూడా. ఇంట్లో పిల్లలున్నవారు ఈ రెండూ మరువరాదు.

ఒక చివర మూసి, నీళ్ళలో ముంచి, సిరంజితో గాలి కొట్టాము. పైచివర దగ్గర సూదిమొనంత చిల్లు! ఇంధనం దానికి పైన ఉన్నంతవరకు లోపం తెలియదు. క్రిందికి దిగగానే గాలి లాగుతుంది. పంపు గట్టిగా లాగింది గనుక దొంగ బయటపడ్డాడు.

కొత్త గొట్టం వేశాము. మర్నాడు హెలికాప్టరు పల్టీలు కొట్టినా, తలక్రిందులైనా ట్యాంకు అడుగంటేదాకా గొంతు మారలేదు. గొట్టం మార్చటంతో దగ్గు పోయింది. పల్టీల్లో నిలకడ మాత్రం పంపు ఇచ్చినదే.

ఆట ముగియగానే ట్యాంకు ఖాళీచేసి, మిగిలిన ఇంధనం మండిపోయేదాకా ఇంజను నడిపి, లోపల నాలుగు చుక్కల నూనె వేయటం ఇప్పుడు బావగారి పని. మెథనాలు గాలిలోని తేమను పీల్చి ఇనుమును తుప్పుపట్టిస్తుందట. పంపులోని పొరకూ మంచిది కాదట. ఈ మాటలు ఆయన నాకు చెబుతున్నారు, నేనే ఆయనకు చెప్పానన్న సంగతి మరిచిపోయి!

నేను బయలుదేరేనాటికి ఇంటికి సున్నం మాట మళ్ళీ వచ్చింది. “వచ్చే ఏడు చూద్దాంలే,” అన్నారు బావగారు.