విచారణ లేని జైలు: ఉత్తర ఐర్లాండ్‌లో ఏం జరిగింది?

"అనుమానం ఉన్నవాళ్లందర్నీ ముందు లోపలేస్తే గొడవలు అవే ఆగిపోతాయి కదా!" హాస్టల్ చర్చల్లో ఈ మాట చాలాసార్లు విన్నాను. ఒక ప్రభుత్వం నిజంగానే ఆ పని చేసి చూసింది. ఏమైందో చెప్తాను.

1971, ఉత్తర ఐర్లాండ్. అక్కడ మెజారిటీ ప్రొటెస్టెంట్లు, బ్రిటన్‌తోనే ఉండాలనేవాళ్లు. ఉద్యోగాల్లో, ఇళ్ల కేటాయింపులో వివక్షకు గురైన కాథలిక్కులు మైనారిటీ. ఐర్లాండ్ మొత్తం ఒకే దేశం కావాలంటూ ఐఆర్ఏ అనే సాయుధ సంస్థ బాంబు దాడులు చేస్తోంది.

ఆగస్టు 9 తెల్లవారుజామున సైన్యం ఇళ్ల మీద పడి 342 మందిని పట్టుకెళ్లింది. కేసు లేదు, కోర్టు లేదు. పోలీసుల జాబితా పాతది కావడంతో అసలు నాయకులు చాలామంది తప్పించుకున్నారు. దొరికినవాళ్లలో దాదాపు వంద మందిని రెండ్రోజుల్లోనే వదిలేయాల్సి వచ్చింది. మన మెషీన్ లెర్నింగ్ క్లాసు భాషలో చెప్పాలంటే అన్నీ ఫాల్స్ పాజిటివ్‌లే! పైగా, ప్రొటెస్టెంట్ సాయుధ ముఠాల నుంచి ఆ రోజు ఒక్కర్నీ ముట్టుకోలేదు. 14 మందికి తలలకు ముసుగులేసి, నిద్ర, తిండి లేకుండా గోడకానించి గంటలకొద్దీ నిలబెట్టి ప్రశ్నించారు. అది అమానుషమని 1978లో యూరోపియన్ మానవ హక్కుల కోర్టు తేల్చింది.

మరి హింస తగ్గిందా? 1971లో ఆ రోజుకు ముందు చనిపోయినవాళ్లు 30 మందికి కాస్త అటూఇటూ. ఆ తర్వాత ఏడాది చివరిలోపే ఇంకో 140 మంది దాకా పోయారు. 1972లో ఆ సంఖ్య 470 దాటింది.

ఎందుకిలా? ఏ తప్పూ చేయని అన్ననో నాన్ననో ఎత్తుకుపోతే ఆ వీధి మొత్తం పోలీసులతో మాట్లాడటం మానేస్తుంది. సమాచారమే ఆగిపోతుంది. అప్పటిదాకా అటో ఇటో తేల్చుకోని కుర్రాళ్లు ఐఆర్ఏలో చేరిపోయారు. లాంగ్ కెష్ శిబిరంలో ఖైదీలు తమ కమాండర్లను పెట్టుకుని, క్లాసులు కూడా నడుపుకున్నారు. ఆయుధం పట్టని కుటుంబాలు సైతం ప్రభుత్వ ఇళ్లకు అద్దె కట్టడం ఆపేశాయి. 1972 జనవరి 30న డెర్రీలో ఈ నిర్బంధాలకు వ్యతిరేకంగా సాగిన ఊరేగింపు మీదే సైన్యం కాల్పులు జరిపింది. అదే 'బ్లడీ సండే'.

1975 డిసెంబరులో ఈ విధానం ఆగేసరికి దాదాపు 2,000 మంది అలా నిర్బంధానికి గురయ్యారు.

విచారణ అంటే నేరస్తుడికి చేసే ఉపకారం అనుకుంటాం గానీ, నాకైతే అది ప్రభుత్వానికే ఎక్కువ అవసరం అనిపిస్తుంది. పట్టుకున్నవాడు సరైనవాడో కాదో తెలిసేది అక్కడే. ఆ పరీక్ష ఎత్తేసిన ప్రభుత్వం తనకి లేని శత్రువుల్ని కూడా తయారుచేసుకుంది.