భరత్‌పూర్ పక్షుల నడుమ సైకిలు ప్రయాణం

ప్రకృతిని చూడబోయే మనిషికి వేగం తరచుగా శత్రువు. మోటారు వాహనంలో కూర్చున్నవాడికి చెట్టు, చెరువు, పక్షి ఒకదాని వెనుక ఒకటి పరుగెత్తే దృశ్యాలుగానే మిగిలిపోతాయి. నడకలో అన్నీ తీరికగా చూడవచ్చు గాని, ఎక్కువ దూరం పోలేము. ఈ రెంటికీ మధ్య సైకిలు ఉన్నది. నడకకు కావలసిన శక్తిలో సుమారు అయిదోవంతుతోనే అది మనిషిని అదే దూరం మూడు నాలుగు రెట్ల వేగంతో తీసుకొనిపోగలదు. దానికి ఇంధనం అక్కరలేదు; పొగ రాదు; మోత లేదు. ఆగదలచిన చోట ఒక కాలు నేలపై మోపితే చాలును.

ఈ సాధారణ వాహనానికి ఒక జాతీయోద్యానవనంలో గౌరవస్థానం లభించింది. అది రాజస్థాన్‌లోని భరత్‌పూర్ నగరాన్ని ఆనుకొని ఉన్న కేవలాదేవ్ జాతీయోద్యానవనం. స్థానికులు దీనిని "ఘనా" అంటారు. ఢిల్లీ నుండి సుమారు 180 కిలోమీటర్ల దూరంలో, ఆగ్రాకు సమీపంలో ఉన్న ఈ వనం విస్తీర్ణం కేవలం 29 చదరపు కిలోమీటర్లు. అయినా ఇక్కడ 350కి పైగా పక్షిజాతులు నమోదయ్యాయి.

మోటారు ఆగిపోయే చోటు

ప్రవేశద్వారం దాటి కొద్ది దూరం పోగానే శాంతి కుటీర్ అనే తనిఖీ స్థానం వస్తుంది. సందర్శకుల సొంత మోటారు వాహనాలకు అక్కడినుండి ప్రవేశం లేదు. కాలినడకన గాని, అద్దె సైకిలుపై గాని, రిక్షాలో గాని ముందుకు సాగవలసిందే. వనం నడిమి భాగాన ఉన్న కేవలాదేవ శివాలయం వరకు ప్రధాన మార్గం ఉన్నది. ఈ వనానికి ఆ పేరు వచ్చినది ఆ ఆలయం వల్లనే. మార్గమంతా సమతలమే కనుక పిల్లలు, వృద్ధులు కూడా శ్రమ లేకుండా పోగలరు.

ఈ మార్గానికి ఒక విశేషం ఉన్నది. వనాన్ని అనేక భాగాలుగా విభజించే మట్టికట్టల మీదుగా బాటలు సాగుతాయి. కనుక సైకిలుపై పోయే వ్యక్తికి కుడిప్రక్కనా ఎడమప్రక్కనా నీరే కనబడుతుంది. వర్షాకాలం ముగిసేనాటికి నీటి మధ్యనున్న నల్లతుమ్మ చెట్లు గూళ్ళతో నిండిపోతాయి. ఎర్రకాళ్ళ కొంగలు, నత్తగుల్ల కొంగలు, తెడ్డుమూతి కొంగలు, నీటికాకులు ఒకే చెట్టుపై అంతస్తులవారీగా కాపురాలు పెడతాయి. చలికాలంలో ఉత్తర దేశాలనుండి బాతులు, హిమాలయాలను దాటి తలపై చారలున్న పెద్దబాతులు దిగివస్తాయి. నీరు పలుచబడిన మడుగులలో సారస దంపతులు మెల్లగా అడుగులు వేస్తుంటాయి.

సైకిలు వల్ల పక్షులకు ఏ బాధా లేదని చెప్పుట సరికాదు. బాటపై సాగిపోయే మనిషిని అలవాటుగా సహించే పక్షి, అదే మనిషి హఠాత్తుగా ఆగి, దిగి, తనవైపు నడిచివస్తే లేచిపోతుంది. కావున వాహన నియమంతోబాటు ప్రవర్తనా నియమం కూడా అవసరం. కట్ట దిగకపోవడం, గంట మ్రోగించకపోవడం, గూళ్ళకు దూరంగా నిలవడం సందర్శకుని కనీస ధర్మాలు. అయితే ఒక మేలు నిస్సందేహంగా ఉన్నది. బాటకు అడ్డంగా పాకిపోయే పాము, తాబేలు, ఉడుము వేగంగా వచ్చే మోటారు చక్రం క్రింద నలగడం తేలిక. నిదానంగా వచ్చే సైకిలువాడు వాటిని చూసి ఆగగలడు.

రిక్షా లాగినవారే పండితులు

భరత్‌పూర్ అనుభవంలో మరొక అధ్యాయం మానవ సంబంధమైనది. అనుమతి పొందిన సైకిలు రిక్షా కార్మికులకు పక్షులను గుర్తించడంలో శిక్షణ ఇవ్వబడింది. ఏ మడుగు వద్ద ఏ వేళకు ఏ పక్షి వస్తుందో వారికి దినచర్యగా తెలిసిపోయింది. మెడలో దుర్భిణి వ్రేలాడవేసుకొని, విదేశీ శాస్త్రజ్ఞునికి సైతం పక్షి ఆంగ్లనామం చెప్పగలిగిన రిక్షా కార్మికులు ఇక్కడ దశాబ్దాల పాటు సుపరిచితులు. ఇటీవలి కాలంలో బ్యాటరీతో నడిచే రిక్షాలు కూడా వచ్చాయి. కండబలం స్థానంలో విద్యుత్తు చేరినా, కంటి నేర్పు మాత్రం మనిషిదే. వనం బ్రతికితేనే తమ బ్రతుకు అని తెలిసిన వారికంటె మంచి కాపలాదారులు ఏ వనానికీ దొరకరు.

వేటస్థలం రక్షితవనమైన వైనం

ఈ చిత్తడి నేల పూర్తిగా ప్రకృతి సృష్టి కాదు. 18వ శతాబ్దంలో భరత్‌పూర్ పాలకుడు సూరజ్‌మల్ కాలంలో గంభీర్, బాణగంగ నదుల వరదనీటిని నిలిపే అజాన్ బంధం కట్టబడింది. అక్కడినుండి నీరు సహజమైన ఈ పల్లానికి చేరేది. తరువాతి పాలకులు కట్టలు, తూములు నిర్మించి దీనిని బాతుల వేటకు అనువుగా మలిచారు. 1938 నవంబరు 12న వైస్రాయి లిన్‌లిత్‌గో పాల్గొన్న వేటలో ఒక్కరోజున 4,273 పక్షులు నేలకూలాయి. అటువంటి వేటల లెక్కలు చెక్కిన రాతిఫలకం నేటికీ వనంలో నిలిచి ఉన్నది. పక్షులను చూడవచ్చినవారు ఆ అంకెలముందు సైకిళ్ళు ఆపి మౌనంగా చదువుతారు.

స్వాతంత్ర్యానంతరం ఈ నేలను వ్యవసాయానికి మళ్ళించాలన్న కోరిక బలంగా వినవచ్చింది. పక్షిశాస్త్రవేత్త సాలిం అలీ వంటివారి కృషి వలన అది తప్పిపోయింది. 1956లో ఇది పక్షి సంరక్షణ కేంద్రమైనది. 1981లో చిలికా సరస్సుతోబాటు అంతర్జాతీయ ప్రాముఖ్యంగల చిత్తడి నేలగా రామ్‌సార్ జాబితాకెక్కింది. 1982లో జాతీయోద్యానవనంగాను, 1985లో ప్రపంచ వారసత్వ స్థలంగాను గుర్తింపు పొందింది.

గేదెలు నేర్పిన పాఠం

గుర్తింపుతోబాటు కష్టాలు కూడా వచ్చాయి. జాతీయోద్యానవన నిబంధనల మేరకు 1982లో పశువుల మేపు నిషేధించబడింది. తరతరాలుగా తమ గేదెలను ఇక్కడ మేపుకొన్న పరిసర గ్రామాలవారు ప్రతిఘటించారు. ఆ సంవత్సరం జరిగిన ఘర్షణలో పోలీసు కాల్పులకు ప్రాణాలు బలి అయ్యాయి. బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘంవారు ఆ దశాబ్దమంతా జరిపిన పరిశోధనలో ఆశ్చర్యకరమైన సంగతి వెల్లడైంది. గేదెలు తినివేసే నీటిగడ్డి ఆ తర్వాత విపరీతంగా పెరిగి మడుగులను కప్పివేసింది. బాతులకు, మరెన్నో నీటిపక్షులకు అవసరమైన తేట నీటి వైశాల్యం తగ్గింది. మనిషిని, అతని పశువును వెలివేసినంతనే ప్రకృతి బాగుపడదని ఈ చిన్న వనం దేశానికి తెలియజెప్పింది. అనంతర కాలంలో గడ్డి కోసుకొనేందుకు గ్రామస్థులకు అనుమతి ఇవ్వడం జరిగింది.

రెండవ కష్టం నీరు. వనానికి ఏటా సుమారు 550 మిలియన్ ఘనపుటడుగుల నీరు కావాలి. ఎగువన కరౌలీ జిల్లాలో గంభీర్ నదిపై పాంచనా జలాశయం ఏర్పడిన తర్వాత ఆ నీటికి పోటీ మొదలైంది. ఆయకట్టు రైతు అవసరం, పక్షుల అవసరం ఎదురెదురుగా నిలిచాయి. 2004 తర్వాతి కొన్నేళ్ళలో మడుగులు ఎండి, గూళ్ళు కట్టవలసిన పక్షులు వేరే చోట్లకు తరలిపోయాయి. అటుపిమ్మట గోవర్ధన్ కాలువనుండి, చంబల్ నది పథకంనుండి నీరు రప్పించే ఏర్పాట్లు జరిగాయి. వాటివల్ల ఊరట కలిగింది గాని, నదినీటితోబాటు కొట్టుకొనివచ్చే చేపపిల్లల సంపదకు అది పూర్తిగా ప్రత్యామ్నాయం కాలేదు.

మూడవది, తిరిగిరాని నష్టం. సైబీరియానుండి అయిదువేల కిలోమీటర్లకు పైగా ఎగిరివచ్చే తెల్ల కొంచ పక్షులకు ఘనా శీతకాలపు విడిది. 1960లలో నూరుకు పైగా వచ్చేవి. వలసమార్గంలోని వేట, ఇతర కారణాలవలన వాటి సంఖ్య ఏటేటా తరిగిపోయింది. 2001-02 శీతకాలంలో వచ్చిన జంటే చివరిది. ఒక దేశం తన సరిహద్దులలో ఎంత శ్రద్ధ వహించినా, దారిలోని దేశాలన్నీ చేయి కలపకపోతే వలస పక్షికి రక్షణ లేదు.

తీరప్రాంతాలకు ఒక సూచన

భరత్‌పూర్ అనుభవం సముద్రతీరపు రక్షిత ప్రాంతాలకు కూడా ఆలోచన కలిగిస్తుంది. ఆంధ్రప్రదేశ్ తీరాన కోరింగ మడ అడవులు, నేలపట్టు గూడబాతుల స్థావరం, పులికాట్ సరస్సు ప్రసిద్ధమైనవి. సూళ్ళూరుపేటనుండి శ్రీహరికోటకు పోయే రహదారి పులికాట్ మీదుగానే సాగుతుంది. శీతకాలంలో రాజహంసలను ఆ దారి ప్రక్కనుండే చూడవచ్చు. అట్టి రహదారిని మూసివేయడం సాధ్యం కాదు. కాని తీరపు చిత్తడి నేలల అంచులలో ఇప్పటికే ఉన్న కట్టలు, గ్రామ బాటలు కొన్నిటిని అనువైన ఋతువులలో సైకిలుకు, నడకకు మాత్రమే కేటాయించే విషయం పరిశీలింపదగినది. సైకిళ్ళు అద్దెకిచ్చేవారు, దారి చూపేవారు అక్కడి మత్స్యకార యువకులే అయితే, పక్షులపై వారి మమకారానికి జీవనోపాధి తోడవుతుంది.

అయితే బాట వేయడం సులభం; నీరు నిలపడం కష్టం. కేవలాదేవ్ బాటపై సైకిలు త్రొక్కే సందర్శకుడు తన ఇరుప్రక్కల కనబడే నీరు ఎవరి పొలాన్ని దాటి, ఎన్ని వివాదాలను దాటి అక్కడికి చేరిందో కూడా తలచుకోవాలి. మోటారు మోత లేని ఆ మార్గంలో పక్షుల కూతలతోబాటు ఆ ఆలోచనకు కూడా తావున్నది.