కష్టకాలపు నుడికారం – మూడు భాషల ముచ్చట

ఒకనాడు తరగతిలో ‘హి ఈజ్ ఇన్ హాట్ వాటర్’ అనే వాక్యానికి తెలుగు వ్రాయమంటే, ఒక విద్యార్థి ‘అతడు వేడినీళ్లలో ఉన్నాడు’ అని వ్రాశాడు. మాటలన్నీ సరిగానే ఉన్నవి, అర్థం మాత్రం జారిపోయింది. అతడు స్నానం చేయడం లేదు, చిక్కుల్లో పడ్డాడు! తరగతి అంతా నవ్వింది. ఆ విద్యార్థి ఆ పూట మళ్లీ నోరు విప్పలేదు. ఆ మౌనమే ఈ వ్యాసానికి ప్రేరణ.

విడివిడి మాటల అర్థాలను మించి, వాడుకలో స్థిరపడిన వేరొక అర్థాన్నిచ్చే పలుకుబడినే నుడికారం అంటాము. ప్రతి జాతీ తాను చూచిన కష్టం నుండే నుడికారాన్ని చేసికొన్నది. ఆంగ్లేయులు ద్వీపవాసులు. ఎటూ పాలుపోని స్థితిని వారు ‘బిట్వీన్ ది డెవిల్ అండ్ ది డీప్ సీ’ అన్నారు. ఒక వైపు సైతాను, మరొక వైపు అగాధ సముద్రం. బావుల మీద బ్రతికిన తెలుగు రైతు ‘ముందు నుయ్యి, వెనుక గొయ్యి’ అన్నాడు. ఉర్దూవారి ‘ఆగే కువాఁ, పీఛే ఖాయీ’ కూడా ఆ నుయ్యీ గొయ్యే.

‘అవుట్ ఆఫ్ ది ఫ్రయింగ్ పాన్ ఇన్టు ది ఫైర్’ అన్నదానికి మన ‘పెనం మీది నుండి పొయ్యిలో పడ్డట్టు’ అచ్చుగుద్దినట్లు సరిపోతుంది. ఉర్దూలో ‘ఆస్మాన్ సే గిరా, ఖజూర్ మేఁ అట్కా’ అంటారు. ఆకాశం నుండి పడినవాడు ఖర్జూరపు చెట్టులో చిక్కుకొన్నాడు. ఇందులో సూక్ష్మభేదం ఉన్నది. పొయ్యి పెనం కన్న ఘోరమైనది, చెట్టు మాత్రం మరొక చిక్కు, అంతే.

కష్టం మీద కష్టం వస్తే ఇంగ్లీషులో ‘ఇట్ నెవర్ రెయిన్స్ బట్ ఇట్ పోర్స్’. తెలుగులో ‘గోరుచుట్టుపై రోకటిపోటు’. ఉర్దూలో ‘ముఫ్లిసీ మేఁ ఆటా గీలా’, అనగా పేదరికంలో ఉన్న కాస్త పిండీ తడిసి ముద్దయింది. ఒకరు ఆకాశాన్ని చూచారు, ఒకరు రోలును, మరొకరు పిండిపళ్లాన్ని.

చాలీచాలని జీతంతో మునిగిపోకుండా సంసారాన్ని నెట్టుకువచ్చే గృహస్థును గురించి ఆంగ్లేయుడు, తలను నీటిపైన నిలుపుకొన్నాడని అంటాడు. మన నగరానికి ఇది వట్టి అలంకారం కాదు. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగినప్పుడు, నేటి ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టు నెక్కి సుమారు 150 మంది ప్రాణాలు దక్కించుకొన్నారు. హుస్సేన్‌సాగర్ మిగులు నీటిని మోసే నాలా ప్రక్కన, అశోక్‌నగర్ వంటి చోట్ల కాపురముండే వారికీ ఆ మాట విప్పి చెప్పనక్కరలేదు.

కనుక విద్యార్థులారా, నుడికారం ఎదురైనప్పుడు ముందుగా నిఘంటువును వెదకకండి. ఇది ఎటువంటి కష్టమని ప్రశ్నించుకొనండి. రెండు వైపులా ముప్పా? చిన్నది పోయి పెద్దది వచ్చిందా? ఒకదానిపై మరొకటా? జవాబు మీ ఇంటి మాటలోనే దొరుకుతుంది.

తరగతి ముగిసిన తరువాత ఆ విద్యార్థిని, “చిక్కుల్లో పడ్డవాణ్ణి మీ ఇంట్లో ఏమంటారు?” అని అడిగాను. “ముసీబత్ మేఁ ఫఁస్ గయా, సార్” అన్నాడు. అర్థం వానికి తెలుసు. ఇంట్లో ఉర్దూ, వీధిలో తెలుగు, పుస్తకంలో ఇంగ్లీషు గల మన విద్యార్థి ఏ భాషకూ పరాయివాడు కాడు. ఇటువంటి పలుకుబళ్లను వారిచేతనే మూడు భాషల్లో సేకరింపజేసి గ్రంథాలయంలో ఉంచితే, రాబోయే తరగతులకు మేలు కలుగుతుందని కళాశాల సంఘానికి నా విన్నపం.