నది ఒడ్డు ఎవరిది? అపోహలు – వాస్తవాలు

నదిని కాపాడతామని ప్రభుత్వం అనగానే ఒడ్డున పొలమున్న రైతు గుండెల్లో రాయి పడుతుంది. అమెరికాలోనూ అంతే. 1968 అక్టోబరు 2న అధ్యక్షుడు లిండన్ జాన్సన్ సంతకంతో వచ్చిన ‘వైల్డ్ అండ్ సీనిక్ రివర్స్’ చట్టం చుట్టూ ఇలాంటి భయాలే అల్లుకున్నాయి. అసలు అందులో ఏముందో చూద్దాం.

అపోహ 1: నది ఈ చట్టపు రక్షిత జాబితాకెక్కితే ఒడ్డు భూములు ప్రభుత్వపరమే.

వాస్తవం: జాబితాకెక్కినంత మాత్రాన భూమి చేతులు మారదు. ప్రైవేటు భూమి వాడకంపై జోనింగ్ నిబంధనలు పెట్టే అధికారం ఈ చట్టం కేంద్రానికి ఇవ్వలేదు. అది రాష్ట్రాలదీ స్థానిక సంస్థలదీ. కొనుగోలుకూ హద్దుంది: పూర్తి యాజమాన్య హక్కుతో నది పొడవులో మైలుకు సగటున 100 ఎకరాలకు మించి కొనకూడదు. రక్షిత హద్దుల్లో సగం లేదా అంతకు మించి అప్పటికే ప్రభుత్వ భూమి ఉంటే, యజమాని కాదన్నా బలవంతంగా పూర్తి యాజమాన్యం తీసుకోవడం కుదరదు.

అపోహ 2: ‘సీనిక్ ఈజ్‌మెంట్’ రాసిస్తే సేద్యం మానుకోవాలి.

వాస్తవం: ఈజ్‌మెంట్‌లో భూమి యజమాని దగ్గరే ఉంటుంది. ఒడ్డు అందాన్ని చెడగొట్టే పనులను అడ్డుకునే హక్కును మాత్రం ప్రభుత్వం డబ్బిచ్చి తీసుకుంటుంది. అప్పటికే మామూలుగా సాగుతున్న వాడకాన్ని యజమాని ఒప్పుకోకుండా మార్చరాదని చట్టమే చెబుతోంది. మిస్సోరిలోని ఎలెవెన్ పాయింట్ నది వెంట ప్రైవేటు పొలాలు ఇలాంటి ఒప్పందాలతోనే కొనసాగుతున్నాయి.

అపోహ 3: రక్షిత నదిలోకి జనాన్ని దిగనివ్వరు.

వాస్తవం: నది భాగాలను మూడు తరగతులుగా విడదీశారు. ‘వైల్డ్’ భాగాలకు దాదాపుగా కాలిబాటే దారి. ‘సీనిక్’ భాగాలకు అక్కడక్కడా రోడ్డు ఉంటుంది. ‘రిక్రియేషనల్’ భాగాల ఒడ్డున రోడ్లూ ఇళ్లూ ఉండవచ్చు. పడవలు తిరుగుతాయి, చేపలు పడతారు. కాలిఫోర్నియాలోని యోసెమిటీ లోయకు వెళ్లిన తెలుగువారు చూసే మెర్సెడ్ నది 1987 నుంచి ఈ జాబితాలోనే ఉంది.

అపోహ 4: చట్టం వచ్చింది కాబట్టి నదులన్నీ భద్రం.

వాస్తవం: రక్షణ ఎంపిక చేసిన భాగాలకే. ఆ భాగంలో కొత్త జలవిద్యుత్ ఆనకట్టకు కేంద్ర లైసెన్సు ఇవ్వరు. చట్టానికున్న అసలు బలం ఇదే. అలాస్కాను మినహాయిస్తే ఒడ్డున కాపాడే పట్టీ మైలుకు సగటున 320 ఎకరాలకు మించదు, అంటే ఒక్కో వైపు సుమారు పావు మైలు. 1968లో 8 నదులతో మొదలైన జాబితా నేడు 200 దాటింది, పొడవు 13,000 మైళ్లు మించింది. అయినా ఆ దేశంలోని నదుల మొత్తం పొడవులో అది అర శాతం లోపే.

ఆనకట్టను ఆపడానికి చట్టం చాలు. ఒడ్డు పచ్చగా నిలవాలంటే మాత్రం అక్కడ బతికేవారు కలిసి రావాలి. మీ ఊరి నదికి రక్షణ అన్న మాట వినిపిస్తే, బెదిరిపోకుండా మూడు ప్రశ్నలు అడగండి: పట్టా ఎవరి పేరిట ఉంటుంది? ఏ పని ఆగుతుంది? అందుకు పరిహారం ఎంత?