ప్లాటు కొనే ముందు దారి అడగాలి

పట్నంలో జాగ కొనేటోళ్లు ముందు గజం ఎంత అని అడుగుతరు. తర్వాత నీళ్లు, కరెంటు అడుగుతరు. దారి ఎవరిది అని మాత్రం అడగరు. కండ్ల ముందర బాట కనిపిస్తుంటే ఇంకేం అడిగేది అనుకుంటరు. కానీ కనిపించే బాట వేరు, కాగితంలో ఉన్న బాట వేరు.

మన గూడెంలో దారికి కాగితం ఉండదు. చేను గట్టు మీద నుంచి పోయినా ఎవరూ ఏమనరు. పట్నంలో అట్లా కాదు. మా చిన్నాయన హైదరాబాదులో కాటేదాన్ ఫ్యాక్టరీలో పని చేస్తడు. దాని పక్కనే మైలార్‌దేవ్‌పల్లి. 2008లో శంషాబాదుకు విమానాశ్రయం వచ్చినాక ఆ వైపు జాగల ధర బాగా పెరిగింది. చిన్నాయన ఏడేండ్లు కూడబెట్టిన పైసలతో అక్కడ 80 గజాల ప్లాటు కొందామనుకున్నడు. "ముందర 20 అడుగుల రోడ్డు ఉంది" అని అమ్మేటాయన చెప్పిండు. సెలవుల్లో నేను పోయినప్పుడు దస్తావేజు నాతో చదివించిండు. రోడ్డు ఉందన్న తూర్పు దిక్కున "ఇతరుల ఖాళీ స్థలం" అని రాసి ఉంది. రేపు ఆ ఇతరులు గోడ కడితే ఇంట్లోకి ఎట్లా పోవాలి? చిన్నాయన అడ్వాన్సు ఇయ్యలేదు.

తర్వాత అడిగి, చదివి తెలుసుకున్నవి ఇక్కడ రాస్తున్నాను.

1. దస్తావేజులో నాలుగు హద్దులు చూడాలి. ఒక దిక్కున రోడ్డు అని, అది ఎన్ని అడుగులో కూడా ఉండాలి. రిజిస్ట్రేషన్ అయితే చాలు అనుకోవద్దు. రిజిస్ట్రేషన్ ఆఫీసు వాళ్లు వచ్చి దారి కొలవరు.

2. ఆ రోడ్డు ఎవరిదో అడగాలి. హెచ్‌ఎండీఏ అనుమతి ఉన్న లేఅవుట్‌లో రోడ్లను, పార్కు జాగను యజమాని గిఫ్ట్ డీడ్ రాసి స్థానిక సంస్థకు అప్పజెప్పాలి. అప్పుడు అది అందరి రోడ్డు. అనుమతి లేని లేఅవుట్‌లో రోడ్డు జాగ కాగితం మీద పాత యజమాని పేరు మీదనే ఉండిపోవచ్చు. ఆయన వారసులు వచ్చి మాది అనవచ్చు. అందుకే రోడ్డు ఉన్న సర్వే నంబరుకు కూడా ఈసీ తీయించాలి.

3. పాత ఊరి బాట అని చెప్తే గ్రామ నక్ష చూడాలి. బండ్ల బాట, కాలిబాట అందులో గుర్తు పెట్టి ఉంటయి.

4. పక్కాయన జాగలో నుంచి దారి ఉంటే నోటి మాట చాలదు. ఆయనతో దారి హక్కు రాయించి రిజిస్టర్ చేయించాలి. అడ్డు లేకుండా, బహిరంగంగా, హక్కుగా 20 ఏండ్లు నడిస్తే చట్టం దారి హక్కు ఇస్తది. కానీ ఆయన అనుమతి అడిగి నడిచిన ఏండ్లు ఆ లెక్కలోకి రావు. పైగా అది కోర్టులో రుజువు చేయాలి.

5. టేపు పట్టి కొలవాలి. ప్లానులో 9 మీటర్లు అంటే దాదాపు 30 అడుగులు. నేల మీద అంత లేకపోతే ఎవరో కలుపుకున్నట్టు. ఇల్లు కట్టే అనుమతి కూడా రోడ్డు వెడల్పును బట్టి ఉంటది. ఇరుకు సందులోకి ఫైరింజన్ రాదు.

6. రోడ్డు అని చూపించేది నాలా కాదు కదా అని వానకాలంలో ఒకసారి పోయి చూడాలి. 2020 అక్టోబరు వానలకు మైలార్‌దేవ్‌పల్లిలో పల్లె చెరువు పొంగి మనుషులే కొట్టుకుపోయారు.

లేఅవుట్ రోడ్డును ఎవరైనా కబ్జా చేస్తే 2024లో పెట్టిన హైడ్రాకు ఫిర్యాదు చేయవచ్చు. అక్కడ కూడా మన దగ్గర లేఅవుట్ ప్లాను ఉంటేనే మాట నిలుస్తది.

మన అమ్మానాన్నల్లో చాలామందికి చదువు రాదు. వాళ్లు వేలిముద్ర వేసే ముందు హద్దుల పేజీ మనమే చదివి వినిపించాలి. దారి అనే మాట లేకపోతే వేలు పెట్టనియ్యవద్దు.

— 9వ తరగతి విద్యార్థిని